మట్టి, మందు, మాస్టారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మందులకి లొంగని బాక్టీరియా గురించి రాస్తూ, అమెరికాలో కొన్ని సంస్థలు కాలేజీ పిల్లల చేత మట్టి తవ్వించి కొత్త యాంటీబయాటిక్స్ వెతికిస్తున్నాయని ఓ రెండు వాక్యాలు రాశాను. ఉత్తరాలన్నీ ఆ రెండు వాక్యాల మీదే వచ్చాయి, మిగతా వ్యాసం ఎవరైనా చదివారో లేదో తెలీదు మరి. సరే, ఈ నెల వాటి సంగతే చూద్దాం.

ప్రశ్న: మేడమ్, మా అన్నయ్య కూతురు విస్కాన్సిన్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం. మొన్న వీడియో కాల్‌లో పెరట్లో చెట్టు కింద మట్టి తీసి చిన్న ట్యూబులో వేస్తూ కనిపించింది, ఏంటే అంటే బయాలజీ ల్యాబ్ హోంవర్క్ అంది, యాంటీబయాటిక్ వెతుకుతున్నాం బాబాయ్ అంది. మొదటి ఏడాది పిల్లలు మందులు కనిపెట్టడమేంటి? నేనూ ఇరవై ఏళ్ళుగా మైక్రోబయాలజీ చెప్తున్నా, మా దగ్గర బాక్టీరియాకి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్ దాటి ముందుకి పోలేదు. ఎవరు నడుపుతున్నారు ఇది? (డిగ్రీ కాలేజీ లెక్చరర్, తణుకు)

జవాబు: అది టైనీ ఎర్త్ అనే కోర్సు అయ్యుంటుందండీ. దీని వెనక ఉన్నావిడ జో హ్యాండెల్స్‌మన్, మట్టిలో ఉండే బాక్టీరియా మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న సైంటిస్టు, మనం ఇప్పుడు సిలబస్‌లో చెప్పుకునే మెటాజినోమిక్స్ (ఒక చోట ఉన్న సూక్ష్మజీవుల డీఎన్ఏ అంతా కలిపి చదవడం) అన్న మాట 1998లో ఆవిడా ఆవిడతో పనిచేసినవాళ్ళూ రాసిన పేపర్‌తోనే వచ్చింది. 2012లో యేల్ యూనివర్సిటీలో ఉండగా స్మాల్ వరల్డ్ ఇనీషియేటివ్ పేరుతో ఈ కోర్సు మొదలుపెట్టారు. 2014లో ఒబామా ప్రభుత్వంలో వైట్‌హౌస్ సైన్స్ ఆఫీసుకి వెళ్ళి, 2017లో విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌కి తిరిగొచ్చి, 2018లో టైనీ ఎర్త్ పెట్టారు. ఆవిడ వెళ్ళిపోయారు కదా అని మొదటిది మూతపడలేదు, అది విడిగా నాన్‌ప్రాఫిట్ అయింది, ఎరికా కర్ట్ అనే ఆవిడ ప్రెసిడెంట్‌గా, సీఈఓగా నడిపించారు. నన్నడిగితే ఇందులో అన్నిటికన్నా చెప్పుకోదగ్గ సంగతి ఇదే. మన దగ్గర పెట్టినాయన రిటైరైతే బోర్డు కూడా ఆయనతోనే ఇంటికెళ్ళిపోతుంది.

ఇక పిల్లలు చేసేది ఏంటంటే, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు మట్టి తెచ్చుకుంటారు, ఎక్కడ తీశారో ఏ రోజు తీశారో రాసుకుంటారు, ఒక గ్రాము మట్టి స్టెరైల్ నీళ్ళలో కలిపి పదింతలు, వందింతలు, వెయ్యింతలు అలా పల్చన చేసుకుంటూ పోయి బాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి అగర్ ప్లేట్ మీద పోస్తారు, రెండుమూడు రోజులకి రకరకాల కాలనీలు లేస్తాయి. వాటిల్లో ఒక్కొక్కదాన్నీ స్టెరైల్ టూత్‌పిక్‌తో తీసి, ముందుగానే హానిలేని ఒక బాక్టీరియా పలచగా పరిచి ఉంచిన ఇంకో ప్లేట్ మీద వరసగా చుక్కలు పెడతారు. మర్నాడు ప్లేటు వెలుతురుకి పట్టుకుని చూస్తే, అంతా పాలమీగడలా మసగ్గా పరుచుకున్న దాంట్లో ఏదో ఒక చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా తేటగా కనిపిస్తుంది. అంటే ఆ చుక్కలోది ఏదో వదులుతోంది, దాంతో పక్కవి పెరగలేదు. అక్కణ్ణుంచి అసలు పని. దాన్ని శుద్ధంగా విడదీసి పెంచాలి, మీరన్న గ్రామ్ స్టెయిన్ ఇక్కడ వస్తుంది, బాక్టీరియాని గుర్తుపట్టడానికి పనికొచ్చే 16ఎస్ అనే జీన్‌ని పీసీఆర్‌తో బోలెడు కాపీలు చేసి, దాని వరస చదవడానికి సీక్వెన్సింగ్‌కి పంపి అది ఏ జాతిదో చూడాలి, అది వదిలే పదార్థాన్ని సాల్వెంట్‌తో తీసి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. సెమిస్టర్ అంతా ఇదే కథ.

చూశారా, మీరు చెప్పే ప్రాక్టికల్సే ఇవన్నీ. సీరియల్ డైల్యూషన్, స్ట్రీకింగ్, స్టెయినింగ్, కొత్తదేం లేదు. తేడా అల్లా మన పిల్లలకి జవాబు ముందే తెలుసు, సీనియర్ రికార్డు చూసి రాసేస్తారు, ఎక్స్‌టర్నల్ వచ్చి సంతకం పెట్టి పోతాడు. అక్కడ ఆ పిల్ల తెచ్చిన మట్టిలో ఏముందో ఆవిడకీ తెలీదు, చెప్పే లెక్చరర్‌కీ తెలీదు, కాపీ కొడదామన్నా ఎవరి దగ్గర కొట్టాలి?

ప్రశ్న: ఇదంతా బాగానే ఉంది గానీ 2012 నుంచి ఇన్ని వేలమంది పిల్లలు ఇన్ని దేశాల్లో మట్టి తవ్వితే ఒక్క మందైనా షాపులోకొచ్చిందా? నాకు తెలిసి రాలేదు. మరి దీన్ని డిస్కవరీ అని ఎలా అంటారు, ఫండ్స్ కోసం చేసే పబ్లిసిటీ కాదా? (మెడికల్ రిప్రజెంటేటివ్, కరీంనగర్)

జవాబు: రాలేదు, మీరన్నది నిజమే. పిల్లలు కనిపెట్టిన మందు ఏదీ ఇంతవరకు డాక్టర్ చీటీలోకి ఎక్కలేదు. ఈ సంస్థలు నడిపేవాళ్ళు ఆ మాట దాచకుండా చెప్పగలిగితేనే వాళ్ళని నమ్మాలి, దాచి పోస్టర్ మీద 'ప్రపంచాన్ని కాపాడే విద్యార్థులు' అని వేస్తే మీరన్నట్టు పబ్లిసిటీయే.

కానీ ఎందుకు రాలేదో కూడా చూడాలి కదండీ. మట్టి బాక్టీరియాలోంచి మందులు తీయడం 1940ల నుంచి కంపెనీలు పోటీలు పడి చేశాయి. బోర్నియో మట్టిలోంచి వాంకోమైసిన్, ఫిలిప్పీన్స్ మట్టిలోంచి ఎరిత్రోమైసిన్, అన్నీ అలా వచ్చినవే. తేలిగ్గా దొరికేవి అప్పుడే దొరికిపోయాయి, ఇప్పుడు వెతికితే ఎక్కువసార్లు ఆ పాతవే మళ్ళీ తగుల్తాయి, అందుకే దొరికింది కొత్తదో పాతదో తేల్చుకోవడమే సగం పని, ఆ కెమిస్ట్రీ కాలేజీ ల్యాబుల్లో కుదరదని టైనీ ఎర్త్ వాళ్ళు మాడిసన్‌లో కెమిస్ట్రీ హబ్ అని ఒకటి పెట్టుకున్నారు. పైగా మట్టిలో ఉన్న బాక్టీరియాలో తొంభై తొమ్మిది శాతం మన ప్లేట్ల మీద అసలు పెరగవు అంటారు. 2015లో టెయిక్సోబాక్టిన్ అని ఒకటి బయటపడింది, అమెరికాలో మెయిన్ రాష్ట్రపు మట్టిలోది, దాన్ని పట్టుకున్నవాళ్ళు ఆ బాక్టీరియాని మట్టిలోనే ఉంచి పెంచే ఐచిప్ అనే పరికరం తయారుచేసుకోవాల్సి వచ్చింది. అది కూడా ఇంకా షాపులోకి రాలేదు.

మీరు ఫార్మాలో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి మీకే బాగా తెలిసుండాలి. కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టి అనుమతి తెచ్చుకున్నా డబ్బులు రావు. అకావొజెన్ అనే అమెరికన్ కంపెనీకి ప్లాజోమైసిన్ అనే మందుకి 2018 జూన్‌లో అనుమతి వచ్చింది, 2019 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఏడాది కూడా తిరగలేదు! ఎందుకంటే మంచి యాంటీబయాటిక్‌ని డాక్టర్లు దాచి దాచి వాడాలి, వాడినా వారం పది రోజులే, బీపీ మాత్రలా జీవితాంతం మింగేది కాదు. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటీ తప్పుకున్నాయంటే తప్పుకోవా మరి. ఇంకోపక్క 2019లో మందులకి లొంగని బాక్టీరియా వల్ల నేరుగా పోయినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద 12 లక్షల 70 వేలమంది అని లాన్సెట్ పత్రిక లెక్క.

అందుకే ఈ కోర్సుకి రెండు కాళ్ళు. ఒకటి మందు వెతకడం, రెండోది పిల్లల్ని సైన్స్‌లో నిలబెట్టడం. 2012లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి ఒక రిపోర్ట్ ఇచ్చింది, దాన్ని తయారుచేసిన బృందానికి జిమ్ గేట్స్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌తో కలిసి నాయకత్వం వహించింది ఈ హ్యాండెల్స్‌మనే. సైన్స్, ఇంజనీరింగ్, లెక్కలు చదువుతామని కాలేజీలో చేరినవాళ్ళలో అదే లైన్లో డిగ్రీ పూర్తిచేసేది 40 శాతం కన్నా తక్కువ అని అందులో తేలింది. మిగతావాళ్ళు మొదటి రెండేళ్ళలోనే బోరుకొట్టి, భయపడి పోతున్నారు, ఆ బోరుకొట్టే ల్యాబుల బదులు నిజం పరిశోధన పెట్టండి అన్నది వాళ్ళ సిఫార్సుల్లో ఒకటి. ఆ లెక్కన రెండో కాలు గట్టిదే. మొదటి కాలు ఇంకా పరీక్షలో ఉంది, నేనైతే రేపే మందు వస్తుందని ఆశపడను.

ప్రశ్న: నమస్తే అండీ. న్యూజెర్సీలో ఉంటాను, పాతికేళ్ళు ఐటీలో డెలివరీ మేనేజర్‌గా చేశాను. ఇక్కడ స్కూల్, కాలేజీ పిల్లల్ని సైన్స్ ప్రాజెక్టుల్లో పెట్టే ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ ఉంది, మట్టి, యాంటీబయాటిక్స్ మీదే ఎక్కువ, దాని ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ బాధ్యత తీసుకోమని అడుగుతున్నారు. నాకు సైన్స్ ఇంటర్ వరకే. బడ్జెట్లూ టీములూ చూసుకోవడం వచ్చు. ఈ పని నేను చెయ్యగలనా, అసలు ఇలాంటి చోట లీడర్ చేసేది ఏంటి? (ఎడిసన్)

జవాబు: చెయ్యగలరు. బాక్టీరియా తెలిసినవాళ్ళని మీరు పెట్టుకోవచ్చు, మనుషుల్ని పట్టుకుని ఉండడం తెలిసినవాళ్ళు దొరకడమే కష్టం. కానీ ఐటీ అలవాట్లు కొన్ని గుమ్మం బయట వదిలెయ్యాలి.

మొదటిది నంబర్లు. మీ బోర్డు మిమ్మల్ని ఏడాది చివర అడిగేది ఎంతమంది స్టూడెంట్స్, ఎన్ని కాలేజీలు, ఎన్ని దేశాలు అని. స్లైడ్ మీద ప్రపంచ పటం పెట్టి చుక్కలు చూపిస్తే అందరూ చప్పట్లు కొడతారు. ఆ చుక్కలు పెంచడం చాలా తేలిక, ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌తో ఎంఓయూ మీద సంతకం పెట్టించి ఫొటో తీసుకుంటే ఒక చుక్క. అడగాల్సిన నంబర్ వేరే ఉంది. మూడేళ్ళ కిందట ట్రైనింగ్ తీసుకున్న టీచర్లలో ఈ ఏడాది కూడా ఆ కోర్సు చెప్తున్నవాళ్ళు ఎంతమంది? మీరు చేరిన మొదటి వారంలోనే ఈ లెక్క అడగండి, ఎవరి దగ్గరా ఉండకపోతే మీ పని ఏంటో మీకు దొరికినట్టే.

ఎందుకంటే ఈ సంస్థలు పిల్లల్తో పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ పిల్లలు సెమిస్టర్ అవగానే వెళ్ళిపోతారు. ఉండేది టీచరే. టైనీ ఎర్త్‌లో కూడా కోర్సు చెప్పాలంటే ముందు ఆ లెక్చరర్లు ట్రైనింగ్‌కి రావాలి, వచ్చి పిల్లల్లాగే కూర్చుని మట్టి కలిపి ప్లేట్లు పోసి టూత్‌పిక్ పట్టుకోవాలి, ఆ తర్వాత ఆ టీచర్లంతా ఒక బృందంగా ఉండి ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూ ఉంటారు. డబ్బు ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించొద్దు. ఎన్ని ప్లేట్లు పోసినా ఒక్క గుండ్రమూ రాకపోతే పిల్లలు మొహం వేలాడేసుకుని కూర్చుంటారు, అప్పుడు 'మా దగ్గరా నాలుగు వారాలు రాలేదు, మీడియా, అదే ప్లేట్‌లో పోసే ఆహారం, మార్చి చూడు' అని ఫోన్లో చెప్పే ఇంకో టీచర్ ఉంటే ఆ కోర్సు నిలబడుతుంది, లేకపోతే ఆ టీచర్ వచ్చే ఏడాది చెప్పదు, అంతే. కమ్యూనిటీ కాలేజీల్లో అయితే కాంట్రాక్టు మీద మూడు చోట్ల క్లాసులు చెప్పుకునేవాళ్ళుంటారు, వాళ్ళకి ట్రైనింగ్ రోజులకి డబ్బులివ్వకుండా రమ్మంటే ఎలా వస్తారు.

రెండోది స్టాండర్డైజేషన్. అందరూ ఒకే పద్ధతిలో చేసి ఒకే డేటాబేస్‌లో పెడితేనే వచ్చిన ఫలితాలకి విలువ, ఇది మీకు చెప్పక్కర్లేదు. అలాగని ప్రతి కాలేజీకీ ఒకే పీసీఆర్ మిషన్, ఒకే ఇంక్యుబేటర్ ఉండాలని పట్టుబడితే ఉన్న కాలేజీలే చేరతాయి, లేనివి, అంటే అసలు ఈ పని ఎవరికోసం పెట్టారో వాళ్ళు, గేటు బయట ఉంటారు. ఏవి మారకూడదు, ఏవి మార్చుకోవచ్చు అన్న గీత మీరే గియ్యాలి. మట్టి ఎక్కడిదో రాసుకోవడం, స్ట్రెయిన్‌కి, అంటే విడదీసిన ఒక్కో బాక్టీరియాకి, నంబర్ వెయ్యడం, భద్రత, ఈ మూడూ మారకూడదు. మిగతావి ఆ టీచర్ దయ.

మూడోది పిల్లలు నలుగురి ముందూ మాట్లాడడం. విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో టైనీ ఎర్త్ పిల్లలు పోస్టర్లు పట్టుకుని నిలబడి వచ్చినవాళ్ళందరికీ తమ మట్టి గురించి చెప్పే సభ పెడుతుంటారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి వింటారు. పెద్ద జర్నల్ పేపర్ కన్నా పద్దెనిమిదేళ్ళ పిల్లకి అదే ఎక్కువ గుర్తుంటుంది, డబ్బులిచ్చేవాళ్ళు కూడా అక్కడే మెత్తబడతారు, లౌక్యం అనుకోండి ఏమన్నా అనుకోండి.

డబ్బు సంగతి మీకు తెలిసిందే కాబట్టి పొడిగా చెప్పేస్తాను. 501(సి)(3), అంటే నాన్‌ప్రాఫిట్లకిచ్చే పన్ను మినహాయింపు హోదా ఉంటే, లెక్కలు చూపించే ఫారం 990 ఏటా వెయ్యాలి, అది ఎవరైనా చూడొచ్చు, మీ జీతంతో సహా. చేరేముందు గత మూడేళ్ళ ఫారాలు మీరే తీసి చదవండి. ఒకే దాత మీద బతుకుతోందా అన్నది చూసుకోండి. ఇంకోటి, స్థాపించినాయన బోర్డులో ఉన్నారా, ఉంటే రోజువారీ పనిలో చెయ్యి పెడతారా అని మొహమాటం లేకుండా ముందే అడగండి. మొహమాటపడితే ఆర్నెల్లకే మీరు ఆయన సెక్రటరీ అయిపోతారు.

ప్రశ్న: మేడమ్ నేను హైదరాబాద్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మా ప్రాజెక్టులో నేను తెచ్చిన మట్టిలోంచి స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా ఒకటి వచ్చింది, స్టాఫ్ (స్టెఫిలోకోకస్ బాక్టీరియా) మీద బాగా జోన్, అంటే తేట గుండ్రం, ఇస్తోంది. పోస్టర్‌లో మా గైడ్ పేరు ముందు, తర్వాత హెచ్ఓడీ, తర్వాత ఇంకెవరో, చివర మా నలుగురి పేర్లూ 'అండ్ స్టూడెంట్స్' అని వేశారు. ఇది మామూలేనా?

జవాబు: మామూలే తల్లీ, కానీ సరైంది కాదు. ఈ గొడవకి ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో కనిపెట్టింది ఆల్బర్ట్ షాట్జ్ అనే పీహెచ్‌డీ కుర్రాడు, బేస్‌మెంట్ ల్యాబ్‌లో ఒక్కడే కూర్చుని. అతనికి ఆ స్ట్రెప్టోమైసిస్ రెండు చోట్ల దొరికింది, ఒకటి పేడ బాగా వేసిన పొలం మట్టిలో, రెండోది కోడి గొంతులోంచి తీసిన నమూనాలో. గైడ్ సెల్మన్ వాక్స్‌మన్. 1944 పేపర్‌లో షాట్జ్ పేరే ముందుంది, ఎలిజబెత్ బ్యూగీ అనే ఇంకో స్టూడెంట్ పేరు కూడా ఉంది, పేటెంట్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పేరు లేదు. పేరంతా వాక్స్‌మన్‌కి రావడం మొదలైంది, రాయల్టీలు ఆయన తీసుకుంటున్నారని తెలిసి 1950లో షాట్జ్ కోర్టుకెళ్ళాడు, రాజీ కుదిరింది, సహ ఆవిష్కర్త అని ఒప్పుకున్నారు, రాయల్టీలో వాటా ఇచ్చారు. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే. గురువు మీద కేసేశాడని షాట్జ్‌కి మంచి ల్యాబుల్లో ఉద్యోగం దొరకడం కూడా కష్టమైపోయింది.

ఇంకో రకం పెద్దమనిషి కథ కూడా విను, ఈయన మనవాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడెర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీకి రీసెర్చ్ డైరెక్టర్. అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే బోటనీ ప్రొఫెసర్‌ని, విస్కాన్సిన్‌లోనే రిటైరైనాయన్ని, డెబ్బై దాటిన వయసులో పనిలో పెట్టుకున్నారు. ఊరూరా మట్టి తెప్పించారు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీ సాన్‌బోర్న్ ఫీల్డ్ నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది, దాంట్లోంచే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, డగ్గర్ పేరుతోనే తెలిసింది. డైరెక్టర్‌గా తన పేరు ముందు వేసుకోవాలంటే సుబ్బారావు గారికి అడ్డేముంది? వేసుకోలేదు. ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు. ఆయన గురించి మనవాళ్ళు నోబెల్ రాలేదని బాధపడుతుంటారు గానీ నాకు మాత్రం ఈ మట్టి సంగతే గొప్పగా అనిపిస్తుంది. డబ్బై ఏళ్ళ ముసలాయన్ని నమ్మి పని అప్పజెప్పడం, పని చేసినవాడి పేరు చేసినవాడికే ఉంచడం.

నువ్వు చెయ్యాల్సింది, నీ ల్యాబ్ నోట్‌బుక్‌లో మట్టి తీసిన రోజు, చోటు, ప్లేట్ నంబర్, జోన్ మిల్లీమీటర్లు నీ చేత్తో రాసి పెట్టుకో, ప్రతి పేజీకీ తేదీ వెయ్యి. స్ట్రెయిన్‌కి పేరు పెట్టేటప్పుడు మీ నలుగురి ఇనీషియల్స్ అందులో పెట్టించండి, అది అడగడం గైడ్‌కి కోపం తెప్పించదు, ఒకసారి ఆ పేరుతో ఫ్రీజర్‌లోకి వెళ్ళిందంటే ఎక్కడికి పోయినా ఆ ఇనీషియల్సే పోతాయి. పోస్టర్ గురించి నలుగురూ కలిసి వెళ్ళి మర్యాదగా అడగండి. ఒక్కదానివే వెళ్ళకు. అన్నట్టు, స్టాఫ్ అంటే ఏ స్టాఫ్? ఆరియస్ అనే రకమైతే మీ ల్యాబ్‌లో దానికి తగ్గ ఏర్పాట్లున్నాయా? అది మనుషులకి జబ్బు చేసేదే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. యూట్యూబ్ చూసి ఇంట్లోనే జెలటిన్‌తో ప్లేట్లు పోసి కుండీలో మట్టి వేసి బాక్టీరియా పెంచుతానంటున్నాడు. పెంచనివ్వొచ్చా? (గృహిణి, విజయనగరం)

జవాబు: వద్దమ్మా. ఉత్సాహం మంచిదే, ఇంట్లో మాత్రం వద్దు. మట్టిలో ఏముందో ముందుగా ఎవరికీ తెలీదు, ప్లేట్ మీద కోట్లల్లో పెరిగాక దాన్ని ఎలా చంపాలన్నది అసలు ప్రశ్న. ల్యాబ్‌లో అయితే ప్లేట్లు పారాఫిల్మ్‌తో మూసేస్తారు, 37 డిగ్రీల దగ్గర కాకుండా గది వేడి దగ్గరే పెంచుతారు ఎందుకంటే 37 అంటే మన ఒంటి వేడి, మనకి పడని సూక్ష్మజీవులకి అది బాగా నచ్చుతుంది. అయిపోయాక ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టి అప్పుడు పారేస్తారు. పరీక్షకి కూడా అసలు జబ్బు బాక్టీరియా వాడరు, వాటికి చుట్టాలైన హానిలేని వాటిని వాడతారు. మీ అబ్బాయికి ఇష్టముంటే దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఇలా అడుక్కుంటూ వచ్చే పిల్లలు దొరకడం లేదని ఏడ్చే లెక్చరర్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని, మాది భీమవరం దగ్గర. కొందరు పాత విద్యార్థులు అమెరికాలో స్థిరపడ్డారు, డబ్బు పంపుతామంటున్నారు. మా చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల పిల్లలతో ఇలాంటి సంస్థ పెట్టాలని ఉంది. రొయ్యల చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడకం కూడా ఎక్కువే కాబట్టి మా ప్రాంతానికి ఇది అవసరం అనిపిస్తోంది. దొరికిన బాక్టీరియాని అమెరికా ల్యాబ్‌కి పంపిస్తే వాళ్ళే పరీక్ష చేస్తారు కదా? ఎలా మొదలుపెట్టమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఆఖరి మాట దగ్గర ఆగుదాం. పంపించకూడదు. మన మట్టిలోంచి తీసిన బాక్టీరియాని బయటి దేశం వాళ్ళకి ఇవ్వాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, పరిశోధన ఫలితాలు వాళ్ళకి అప్పజెప్పడానికి కూడా నిబంధనలున్నాయి. ప్రభుత్వం ఒప్పుకున్న ఉమ్మడి ప్రాజెక్టులకి వెసులుబాటు ఉంది గానీ మీ పాత విద్యార్థి సూట్‌కేసులో ట్యూబు పెట్టుకుని వెళ్ళడం అందులోకి రాదు. మంచి స్ట్రెయిన్ దొరికితే దాచుకోడానికి చండీగఢ్‌లో ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం ఉంది, సాయం అడగడానికి దగ్గర్లో యూనివర్సిటీలున్నాయి.

డబ్బు కూడా అంతే. సొసైటీ రిజిస్టర్ చెయ్యడానికి మన రాష్ట్ర 2001 చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, కానీ విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపే డబ్బు విదేశీ విరాళమే, దానికి విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, కింద రిజిస్ట్రేషన్ కావాలి, అది కావాలంటే సంస్థకి మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు పనికి ఖర్చు పెట్టినట్టు చూపించాలి. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న పాత విద్యార్థులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది వేరు. ఎవరు ఏ పౌరులో ముందు కనుక్కోండి, మంచి ఆడిటర్‌ని పెట్టుకోండి, రూల్స్ మారుతుంటాయి. కంపెనీలు సమాజ సేవకిచ్చే సీఎస్ఆర్ డబ్బుకి కూడా 12ఏ, 80జీ అనే పన్ను రిజిస్ట్రేషన్లు, మూడేళ్ళ అనుభవం అడుగుతారు. అంటే మొదటి మూడేళ్ళూ మీ చుట్టుపక్కలవాళ్ళ చందాలతోనే నడవాలి. దానికి బాధపడకండి, చిన్నగా ఉండడానికి అదే మంచి వంక.

చెరువుల సంగతి మీరు తెచ్చారు కాబట్టి చెప్తున్నా, మన దగ్గర ఈ పనికి అమెరికాలో లేని ఒక కోణం ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. శుద్ధి చేశాక వదిలిన నీళ్ళు అవి. అలాంటి చోట మట్టిలో మందు తయారుచేసే బాక్టీరియా కన్నా మందుకి లొంగని బాక్టీరియా ఎక్కువ ఆసక్తి. మీ పిల్లలు రెండూ చూడొచ్చు, చెరువు గట్టు మట్టి, కొబ్బరితోట మట్టి పక్కపక్కన పెట్టి ఎందులో ఏ మందుకి లొంగనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు, దానికి మామూలు యాంటీబయాటిక్ డిస్కులు, అంటే మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ళలు, చాలు, పీసీఆర్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఫలితాలు ఏ చెరువు యజమాని పేరుతోనూ బయటపెట్టకండి. ఊళ్ళో బతకాలి, పైగా పిల్లల ప్రాజెక్టు మీద అంత బరువు పెట్టకూడదు.

రాష్ట్రం మొత్తం అనొద్దు, ఇరవై కాలేజీలు అనొద్దు. రెండు కాలేజీలు, రెండింటిలోనూ మనసున్న లెక్చరర్ ఒక్కొక్కళ్ళు, వాళ్ళిద్దరికీ ఫోన్లో మాట్లాడుకునేంత స్నేహం. ప్రిన్సిపాల్ చేత వారానికి ఒక మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీ ఇప్పించడం మీ పని, హెడ్మాస్టరుగా చేశారు కాబట్టి ఆ విద్య మీకొచ్చు. రికార్డు మార్కులు ఆ ప్రాజెక్టుకే వేసేలా ఒప్పించగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మార్కులు లేని పనికి పిల్లలు రెండో వారం నుంచి రారు, వాళ్ళని అని లాభం లేదు. అధ్యక్షుడిగా మీ పేరు పెట్టుకోండి, రెండో ఏడాది నుంచే ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలూ ఉత్తరాలూ వాళ్ళ చేత రాయించండి.

అన్నిటికన్నా ముందు ఆ రెండు కాలేజీల్లో ఆటోక్లేవ్ పనిచేస్తోందో లేదో స్వయంగా వెళ్ళి చూడండి. స్టాక్ రిజిస్టర్‌లో ఉంటుంది, గది మూలలో కూడా ఉంటుంది, గాస్కెట్ మాత్రం ఎండిపోయి ఆవిరి కారిపోతూ ఉంటుంది. మీ పాత విద్యార్థుల్లో ఊళ్ళోనే ఉన్నవాళ్ళ దగ్గర మొదటి చందా దానికి తీసుకోండి.